మా క్లాసులో ‘మరపురాని’ మాట నిషేధం

పోయిన నెల ఈ శీర్షికలో హైస్కూలు పిల్లల చేత సొంత జ్ఞాపకాలు రాయించడం గురించి నాలుగు మాటలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తెలుగు టీచర్లవే. కొందరు తిట్టారు కూడా. నాకు ఎక్కువ పని పెట్టిన ప్రశ్నలను ఈసారి ముందుకు తెచ్చాను. నా సంగతి తెలియనివారి కోసం: అప్పటి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నేను చెప్పేవన్నీ ఆ క్లాసుల్లో చేసి చూసినవి. కొన్ని చెడగొట్టినవి.

ప్ర: తొమ్మిదో తరగతి వాళ్ళకు ‘నా జీవితంలో మరపురాని సంఘటన’ రాయమని ఇస్తే 42 మందిలో 29 మంది తిరుపతి వెళ్ళొచ్చారు. మిగతావాళ్ళు విజ్ఞాన యాత్రకు పోయారు. అందరి చివరి వాక్యమూ ఒకటే: ‘ఆ రోజును నేను ఎప్పటికీ మరచిపోలేను.’ గైడు చూసి రాశారా అంటే ఒట్టేసి మరీ లేదంటున్నారు. ఏం చేయమంటారు?
— తెలుగు ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

జ: ఒట్టు నిజమే అయి ఉంటుంది మాస్టారూ. వాళ్ళకు గైడు అక్కర్లేదు. ఆరో తరగతి నుంచి మనం ఇదే ప్రశ్న ఇస్తున్నాం, ఇదే జవాబుకి మార్కులు వేస్తున్నాం. ‘మరపురాని’ అనగానే పిల్లవాడు తన బతుకులో గొప్పది ఏముందా అని వెతుక్కుంటాడు. పద్నాలుగేళ్ళవాడికి గొప్పది అంటే కొండ, క్యూ, లడ్డు. పాపం వాడేం చేస్తాడు.

నేను జూన్‌లోనే బోర్డుకి కుడి మూలన ఒక గడి గీసి, పైన ‘ముద్దాయిలు’ అని రాసేదాన్ని. అందులో కొన్ని మాటలు పెట్టి తాళం వేసేవాళ్ళం: మరపురాని, మధురమైన, చెప్పలేనంత, ఎంతో ఆనందం, కళ్ళు చెమర్చాయి. ఏడాది పొడుగునా ఆ గడి చెరపకూడదు. పిల్లలు కొత్త ముద్దాయిలను పట్టుకొస్తే అందులో చేర్చేవాళ్ళం. దసరా సెలవులయ్యేసరికి గడి నిండిపోయేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి అది చూసి, ‘ఇది సోషల్ పాఠమా?’ అన్నారు.

మాటలు ఆపినంత మాత్రాన రాత మారదు, అడిగే తీరు మార్చాలి. ‘సినిమా అంతా వద్దు, ఒక్క సీను చాలు’ అని చెప్పండి. పది నిమిషాల్లో జరిగినది మాత్రమే రాయాలి, అదీ ఒకే చోట జరిగింది. తిరుపతే రాస్తామంటే రాయనివ్వండి. కానీ ఇంటి దగ్గర బస్సెక్కడం నుంచి మొదలుపెట్టడానికి వీల్లేదు. మా దగ్గర ఒక అబ్బాయి కొండ మీద కంపార్టుమెంటులో కూర్చున్న పది నిమిషాలు రాశాడు. వాళ్ళ నాన్న పక్కన కూర్చున్న ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయనతో, ‘పైచేను అమ్మేశాం లెండి, ఇంక అప్పు లేదు’ అంటున్నాడు. చేను అమ్మిన సంగతి ఇంట్లో పిల్లలకు అప్పటిదాకా తెలియదు. ‘నేను నిద్రపోతున్నట్టే కళ్ళు మూసుకున్నాను’ అని ఆపేశాడు. అంతకు ముందు ఏడాది ఆ అబ్బాయే అదే యాత్రను మూడు పేజీలు రాసి ఇచ్చాడు. అందులో చేను లేదు.

ప్ర: మా పిల్లలు ‘మాకు జ్ఞాపకాలేం లేవు మేడమ్, మా జీవితంలో ఏం జరగలేదు’ అంటారు. బలవంతం చేస్తే ‘మా అమ్మ చాలా మంచిది’ అని రెండు లైన్లు రాసి మూస్తారు.
— టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) తెలుగు, గురుకుల పాఠశాల, నల్లగొండ జిల్లా

జ: ముందు పెన్ను పట్టించకండి, పెన్సిలు పట్టించండి. ఊహ తెలిసిన తర్వాత ఉన్న మొదటి ఇల్లు పైనుంచి చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా పటం గీయమనండి. పొయ్యి ఎక్కడ, మంచం ఎక్కడ, నీళ్ళ బిందెలు ఎక్కడ, చెప్పులు ఎక్కడ విడుస్తారు, కుక్క ఎక్కడ పడుకుంటుంది. గుడిసె అయినా, అద్దెగది అయినా, పనికి పోయిన ఊళ్ళో సగం కట్టిన బిల్డింగులో పట్టా కట్టుకుని ఉన్న చోటైనా సరే. మా వైపు కనిగిరి, పామూరు ప్రాంతాల నుంచి చాలా మంది హైదరాబాదుకి బేల్దారి పనులకు పోతారు. ఆ పిల్లల పటాల్లో గోడలుండేవి కావు, ఇసుక కుప్పలుండేవి. వాళ్ళు అవి గీయడానికి సిగ్గుపడకుండా చూసుకోవాలి. అందుకే ‘మీ ఇంటి పటం’ అని అనకుండా ‘మీరు పడుకున్న చోటు’ అనేదాన్ని.

పటం పూర్తయ్యాక అందులో మూడు చోట్ల ఇంటూ గుర్తు పెట్టమనండి: దెబ్బ తగిలిన చోటు, ఏదైనా దాచిన చోటు, చాటుగా మాటలు విన్న చోటు. తర్వాత పక్కవాడికి పటం చూపించి ఒక గుర్తు గురించి నోటితో చెప్పాలి. పక్కవాడి పని మూడు ప్రశ్నలు అడగడం. ‘ఎందుకు’ అని అడగకూడదు. ఎవరున్నారు, ఏం కనిపించింది, తర్వాత ఎవరు మాట్లాడారు, ఈ రకంవే అడగాలి. ఇరవై నిమిషాలు క్లాసు సంతలా ఉంటుంది. పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి తలుపు దగ్గర నిలబడతారు. నిలబడనివ్వండి. అప్పుడు ఆరు నిమిషాలు రాత. పెన్ను ఎత్తకూడదు, కొట్టేయకూడదు, అక్షరదోషాలకు ఆగకూడదు. ఏమీ తోచకపోతే ‘నాకు గుర్తు లేనిది ఏమిటంటే’ అని మొదలుపెట్టమనండి. దాంట్లోనుంచే గుర్తున్నది బయటికొస్తుంది. ఎందుకో నాకూ తెలియదు గానీ ప్రతిసారీ వచ్చింది.

ఇంకొకటి. ఆ ఆరు నిమిషాలు మీరూ రాయాలి, బోర్డు మీద, వాళ్ళ కళ్ళెదుట. నేను మొదటిసారి రాసింది పలక గురించి. మాది మార్కాపురం. దేశమంతా పిల్లలు దిద్దుకునే పలకలు మా ఊళ్ళో తయారయ్యేవి. మా నాన్న పలకల ఫ్యాక్టరీలో చేసేవారు. అయినా నాకు ఎప్పుడూ మంచి పలక దొరకలేదు. ఫ్యాక్టరీలో పక్కన పడేసినవి, మూల విరిగినవి, మధ్యలో సన్నటి గీత పడినవి తెచ్చేవారు. నేను ‘అ’ రాస్తే ఆ గీత మీదుగా పోయేది. దొండాకుతో ఎంత తుడిచినా ఆ గీత పోయేది కాదు. ఒకటో తరగతిలో పక్కనమ్మాయికి కొత్త పలక ఉండేది, దానికి ఎర్ర దారానికి కట్టిన స్పాంజి ముక్క. ఒకరోజు ఆ పలక కింద పడి పగిలింది. నేను పడేయలేదు. కానీ పగిలినప్పుడు నాకు బాగుండింది. ఆ ఆఖరి వాక్యం బోర్డు మీద రాయాలా వద్దా అని సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక బెంచీ నుంచి ఎవరో ‘రాయండి మేడమ్’ అన్నారు. వాళ్ళకు తెలిసిపోయింది ఏదో దాస్తున్నానని. రాశాను. ఆ రోజు నుంచి ఆ క్లాసులో ‘మా అమ్మ చాలా మంచిది’ అని ఎవరూ రాయలేదు.

ప్ర: జ్ఞాపకాలు, పటాలు అంటూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? ఎస్‌ఏ (సమ్మేటివ్ పరీక్ష)కి నెల రోజులుంది. పద్యం చెప్పాలి, ప్రతిపదార్థం చెప్పాలి, సంధులు, సమాసాలు, ఛందస్సు. మీరు రిటైరయ్యారు కాబట్టి చెబుతారు.
— పేరు రాయలేదు. దస్తూరి చాలా బాగుంది

జ: మీ కోపం న్యాయమే. నేనూ 45 నిమిషాల పీరియడ్లతోనే బతికాను. కానీ పాఠాన్నీ రాతనూ వేరు చేస్తే టైము చాలదు. కలిపితే సరిపోతుంది.

సుమతీ శతకంలో ‘అక్కరకు రాని చుట్టము’ పద్యం తీసుకుందాం. వెంటనే వదిలేయాల్సినవి మూడు: అవసరానికి ఆదుకోని చుట్టం, మొక్కినా వరమివ్వని దేవుడు, యుద్ధంలో ఎక్కితే పరుగెత్తని గుర్రం. కంద పద్యం, నాలుగు పాదాలు. ప్రతిపదార్థం పది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత, ఇవాళ మీరు రాస్తే ఆ మూడు స్థానాల్లో ఏం పెడతారు అని అడగండి. ఛార్జింగు నిలవని ఫోను, చెయ్యెత్తినా ఆగని బస్సు, బోరు వేసినా పడని నీళ్ళు. మా వైపు ఆఖరిది తప్పకుండా వచ్చేది. నవ్వులు అయ్యాక అసలు ప్రశ్న: ‘వీటిలో దేన్నైనా మీ ఇంట్లో నిజంగా వదిలేశారా?’ క్లాసు కాసేపు మాట్లాడదు. ఒకమ్మాయి రాసింది: ‘మా మేనమామ మా అక్క పెళ్ళికి పైసా ఇవ్వలేదు, రాను కూడా రాలేదు. మా అమ్మ ప్రతి సంక్రాంతికి ఆయనకు అరిసెలు పంపుతుంది. డబ్బాలో అడుగున గుడ్డ వేసి పంపుతుంది, విరగకుండా.’ పద్యంతో అంత నిక్కచ్చిగా వాదించినవాళ్ళను నేను పండితుల్లోనూ తక్కువ చూశాను. ఆ అమ్మాయికి ఆ పద్యం, దాని ప్రతిపదార్థం ఎప్పటికీ పోవు. కందం గణాలు మర్నాడు చెప్పాను, అది మామూలుగానే చెప్పాను. ఛందస్సుని ఆటగా మార్చాలని చాలా ప్రయత్నించి ఓడిపోయాను, ఆ గొప్పలు చెప్పుకోను.

కథ అయితే గురజాడ ‘దిద్దుబాటు’ ఉంది. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. మీ వాచకంలో లేకపోయినా చిన్న కథే, చదివి వినిపించవచ్చు. ‘తలుపు! తలుపు!’ దగ్గరే పుస్తకం మూసేయండి. ఎవరు కొడుతున్నారు, ఎన్ని గంటలకు, లోపల ఎవరున్నారు? పిల్లలు చెప్పాక ముందుకు చదవండి. గోపాలరావు అర్ధరాత్రి దాటాక మేజువాణీ (సానిపాట) చూసి ఇంటికొచ్చాడు, భార్య కమలిని కనబడలేదు, ఉత్తరం దొరికింది. అక్కడ మళ్ళీ ఆపండి. ఉత్తరం చదవకండి, పిల్లల్నే రాయమనండి. నేను ఏడెనిమిది బ్యాచ్‌ల చేత రాయించాను. మగపిల్లల ఉత్తరాల్లో కమలిని ఏడుస్తూ ఉంటుంది, లేదా చచ్చిపోతానంటుంది. ఆడపిల్లల ఉత్తరాల్లో బీరువా తాళాలు ఎక్కడ పెట్టిందో, పాలవాడికి ఎంత బాకీ ఉందో రాసి పెడుతుంది. ఈ రెండు రకాల ఉత్తరాలూ పక్కపక్కన చదివిస్తే చాలు, పాత్ర చిత్రణ గురించి మీరు వేరే ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఆఖర్న మంచం కింద నుంచి కమలిని నవ్వు వినబడేసరికి మగపిల్లలు ‘మోసం’ అని అరుస్తారు.

ఆ మర్నాడు, తలుపు బయట మీరు నిలబడ్డ పది నిమిషాలు రాయమని ఇచ్చాను. హెడ్మాస్టరు గది తలుపు, ఆస్పత్రిలో ఆపరేషన్ గది తలుపు, తాళం వేసి అమ్మ ఎటో పోయిన ఇంటి తలుపు.

మూడోది గాంధీజీ ఆత్మకథలోని దొంగతనం ఘట్టం. జ్ఞాపకం ఎలా రాయాలో దానికన్నా బాగా నేర్పే పాఠం నాకు దొరకలేదు. ఆయనకు పదిహేనేళ్ళు, అంటే మన పిల్లల వయసే. అన్న చేతి కడియంలోంచి కొంచెం బంగారం తీశాడు, అన్న చేసిన పాతిక రూపాయల అప్పు తీర్చడానికి. తర్వాత ఉండబట్టలేక తప్పు ఒప్పుకుంటూ చీటీ రాసి, జబ్బుతో చెక్క బల్ల మీద పడుకున్న తండ్రి చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తండ్రి లేచి కూర్చుని చదివాడు. కన్నీళ్ళు కాగితం మీద పడ్డాయి. కాసేపు కళ్ళు మూసుకుని, చీటీ చింపేసి, మళ్ళీ పడుకున్నాడు. పిల్లల్ని ఒకటే అడిగేదాన్ని: ‘నాన్న ఏమన్నాడు?’ వెతుకుతారు, పేజీ తిప్పుతారు, ఏమీ అనలేదు. సరే, మీ ఇంట్లో ఎవరూ ఏమీ అనని ఒక సన్నివేశం రాయండి. చేతులు ఏం చేశాయో, కళ్ళు ఎటు చూశాయో అంతే.

వీటన్నిటినీ ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ పరీక్ష)లో స్వీయరచన కింద చూపించుకోవచ్చు. మీ దస్తూరి చూస్తే మీ రికార్డులు కూడా చక్కగా ఉంటాయనిపిస్తోంది, ఇబ్బంది ఉండదు.

ప్ర: పిల్లలు ఇంట్లో మాట్లాడినట్టే రాస్తున్నారు. దిద్దమంటారా, వదిలేయమంటారా?
— ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా

జ: మా పిల్లవాడొకడు రాశాడు: ‘మా జేజి సంగటి గెలుకుతా నన్ను జూసి, యాడికి పోయినావురా ఇంతసేపు అనింది.’ సర్వీసులో మొదటి రోజులు కదా, ఎర్ర ఇంకుతో దిద్దాను: ‘మా నాయనమ్మ సంగటి కలుపుతూ నన్ను చూసి, ఇంతసేపు ఎక్కడికి వెళ్ళావురా అన్నది.’ నోటుబుక్కు తిరిగిచ్చాక వాడు చదువుకుని, ‘ఈమె మా జేజి కాదు మేడమ్’ అన్నాడు. ఎగతాళిగా అనలేదు, ఉన్న మాట చెప్పాడు.

గిడుగు రామమూర్తిగారు పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని బడిలో పటానికి దండ వేస్తాం. తెలంగాణలో కాళోజీగారు పుట్టిన సెప్టెంబరు 9న వేస్తారు. మర్నాడు అదే బడిలో జేజి నోట్లోని మాటను ఎర్ర ఇంకుతో కొట్టేస్తాం. కనీసం దండ ఎండిపోయేదాకా అన్నా ఆగాలి.

నేను తర్వాత పెట్టుకున్న పద్ధతి చెబుతాను. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదాని జోలికి పోను, అది మాట్లాడినవాళ్ళ సొత్తు. పిల్లవాడు తన గొంతుతో చెప్పేటప్పుడు వచ్చే ఇంటి మాటలు కూడా ఉంచుతాను. అక్షరదోషాలు, ఒత్తులు, వాక్యం తెగిపోవడం, ఇవి దిద్దుతాను, అదీ పెన్సిలుతో. పదో తరగతి పరీక్షలో మాత్రం ప్రామాణిక భాష కావాలి, అందులో రాజీ లేదు. కాబట్టి నెలకొకసారి అదే పేరాను ‘పరీక్ష చొక్కా’ తొడిగి రాయమంటాను. చొక్కా మార్చుకోవడం వాళ్ళకు త్వరగానే వస్తుంది. మీ శ్రీకాకుళం పిల్లల ‘ఏటి’, ‘ఎల్లిపోనాను’ పోగొట్టకండమ్మా.

ప్ర: మీరు చెప్పినట్టే రాయించాను. ఎనిమిదో తరగతి అమ్మాయి, వాళ్ళ నాన్న తాగొచ్చి అన్నం పళ్ళెం గోడకు కొట్టిన రాత్రి రాసింది. చదివి నాకు నిద్ర పట్టలేదు. దీనికి మార్కులు ఎలా వేయాలి? వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడనా? ఇలాంటివి రాయించి తప్పు చేశానా?
— తెలుగు టీచర్, కాకినాడ జిల్లా

జ: తప్పు చేయలేదు తల్లీ. అయితే ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది, అది నేను పోయిన నెల చెప్పకపోవడం నా తప్పు.

ఇంటికి వెళ్ళకండి. మీరు వెళ్ళి వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించండి. మార్కులు వేయకండి. కింద తేదీ, సంతకం, ‘చదివాను’ అని ఒక మాట చాలు. తర్వాత అందరూ తిరిగే వరండాలో, ఎవరికీ వినబడనంత దూరంలో, పక్కకు పిలిచి అడగండి: ఇప్పుడు ఎలా ఉంది, నిన్ను గానీ అమ్మను గానీ కొడతాడా, భయమేస్తే ఎక్కడికి వెళతావు? జవాబు బట్టి హెడ్మాస్టరుకు చెప్పాలా అన్నది తేల్చుకోండి. పిల్లకు ప్రమాదం ఉందనిపిస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది, రాత్రైనా పగలైనా పలుకుతుంది. లైంగిక వేధింపు సంగతి బయటపడితే మాత్రం ఆలోచించుకునే వీలు మనకు లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసిన ప్రతివారి బాధ్యత, తెలియజేయకపోతే శిక్ష కూడా ఉంది. మనం కౌన్సెలర్లం కాదు. అమ్మలా ఏడవడం, పోలీసులా విచారించడం రెండూ మన పని కాదు.

ఇక ముందే చెప్పాల్సిన మాటలు. జ్ఞాపకాల నోటుబుక్కు ఇచ్చిన రోజే నేను రెండు నియమాలు చెప్పేదాన్ని. మొదటిది మడత పేజీ: ఎవరూ చదవకూడదనుకున్న పేజీని నిలువునా లోపలికి మడవండి, నేను విప్పను. టీచరుగా మీరూ విప్పకూడదు, ఒక్కసారి కూడా. పిల్లలు మడతలో వెంట్రుక పెట్టి పరీక్షిస్తారు, నన్ను పరీక్షించారు. రెండోది: మడవని పేజీలో మీ ప్రాణానికో ఒంటికో హాని జరుగుతున్నట్టు నాకు కనిపిస్తే నేను దాచను, మీకు చెప్పి మరీ పెద్దవాళ్ళకు చెబుతాను. ఈ రెండోది ముందే చెప్పకుండా, తర్వాత ఎవరికైనా చెబితే అది నమ్మకద్రోహం అవుతుంది.

ఈ నియమాలు నాకు పుట్టుకతో రాలేదు. పెద్దగా అనుభవం లేని రోజుల్లో ఒక బడిలో ఒక అబ్బాయి, వాళ్ళమ్మ తాళిబొట్టు కుదువ పెట్టి తన ఫీజు కట్టిన సంగతి రాశాడు. ఎంత బాగా రాశాడంటే, బంగారం తూకం వేసే కొట్టులో ఫ్యాను గాలికి త్రాసు పళ్ళెం కదులుతుంటే కొట్టాయన ఫ్యాను ఆపమన్నాడట. ఆ ఒక్క సంగతికి మురిసిపోయి, వాణ్ణి అడగకుండానే క్లాసులో గట్టిగా చదివాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాడు నాలుగు రోజులు బడికి రాలేదు. వచ్చాక కూడా నాకు నోటుబుక్కు ఇవ్వలేదు, ఆ ఏడాదంతా ఖాళీ పేజీలే చూపించాడు. అడగాల్సిన మాట ఒకటే, ‘చదవనా?’ అని.

ప్ర: పిల్లలు ఫోన్లో ఏఐ యాప్‌ని అడిగి జ్ఞాపకాలు రాయించుకొస్తున్నారు. ఎలా పట్టుకోవాలి?
— ప్రైవేటు స్కూలు కరెస్పాండెంటు, విజయవాడ

జ: పట్టుకోవడం ఎందుకండీ, అడగండి. ‘బావి దగ్గర బిందె జారిపోయిందని రాశావు కదా, అది ఇత్తడిదా ప్లాస్టిక్‌దా? చేద ఎవరిది?’ రాసినవాడు ఆలోచించకుండా చెబుతాడు. తెచ్చినవాడు పైకి చూస్తాడు. అసలు ఇంటికిచ్చి రాయించకండి. క్లాసులో, చేత్తో, ఆరు నిమిషాలు. మీ బడి పిల్లల్లో బావి చూసినవాళ్ళు ఎంతమంది అన్నది వేరే సంగతి. అపార్టుమెంటు లిఫ్టులో కరెంటు పోయిన పది నిమిషాలు రాయించండి.

ప్ర: వారానికి 42 నోటుబుక్కులు చదివి దిద్దడం మనుషుల వల్ల అయ్యే పనేనా?
— ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్) తెలుగు, అనంతపురం జిల్లా

జ: కాదు. వారానికి పది చదవండి, వంతులవారీగా. ఒక్కో నోటుబుక్కులో ఒకే ఒక ప్రశ్న మార్జిన్‌లో రాయండి: ‘అప్పుడు తమ్ముడు ఎక్కడున్నాడు?’ అలాంటిది. ‘బాగుంది’, ‘వెరీ గుడ్’ వద్దు. అవీ ముద్దాయిలే. మిగతా 32 మంది ఒకరివి ఒకరు చదువుకుంటారు, మడత పేజీలు వదిలేసి.

ప్ర: డాలస్‌లో ఆదివారాలు తెలుగు క్లాసు చెబుతాను. పిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్ళు. ఇక్కడే పుట్టారు. చదవడం వచ్చు, రాయడం కూడబలుక్కుని వచ్చు. వీళ్ళ చేత తెలుగులో జ్ఞాపకాలు రాయించడం అత్యాశేనా? పల్లెటూరు, పెరడు, బావి లాంటివేవీ వీళ్ళకు లేవు.
— ఒక తల్లి, టెక్సాస్

జ: పల్లెటూరు జ్ఞాపకాలు వాళ్ళవి కాదమ్మా, మనవి. వాటిని వాళ్ళ చేత రాయించాలని చూస్తే అక్కడా 29 మంది తిరుపతి పోయొస్తారు. వాళ్ళకున్నవే రాయించండి: స్కూల్లో టీచరు హాజరు పిలిచేటప్పుడు తమ పేరు దగ్గర ఆగిన ఆ రెండు క్షణాలు, లంచ్ డబ్బా మూత తీయగానే పక్కవాళ్ళు అటు తిరిగిన సంగతి, ఇండియా ప్రయాణానికి ముందు సూట్‌కేసును తూకం మిషను మీద పెట్టి నాన్న వస్తువులు తీసి బయట పెట్టడం. తెలుగు మాట దొరకని చోట ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాయనివ్వండి. క్లాసంతా కలిసి దానికి తెలుగు మాట వెతకొచ్చు, దొరక్కపోతే అలాగే ఉంచండి.

రాత కష్టమైతే వినడంతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరూ ఇండియాలో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో వాట్సాప్ కాల్ చేసి, ఒకే ఒక ప్రశ్న అడగాలి. ‘మీ చిన్నప్పటి విషయాలు చెప్పు’ అనకూడదు. అలా అడిగితే పెద్దవాళ్ళు మనకు నీతులు చెబుతారు. ‘నీకు పద్నాలుగేళ్ళప్పుడు నువ్వు పడుకునే చోటు ఎక్కడ? పక్కన ఎవరు పడుకునేవాళ్ళు?’ అని అడగాలి. ఒప్పుకుంటే రికార్డు చేసుకుని, అందులోంచి అయిదు వాక్యాలు ఆవిడ మాటల్లోనే, ఆగిన చోట ఆగినట్టే రాసుకు రావాలి. పక్క పేజీలో, తను పడుకునే గది గురించి అయిదు వాక్యాలు.

టైము మాత్రం చూసుకోండి. వేసవిలో మీకు శనివారం రాత్రి ఎనిమిదైతే ఇక్కడ ఆదివారం పొద్దున ఆరున్నర. అప్పుడు పొయ్యి మీద పాలుంటాయి, పాలవాడు, పనిమనిషి, అందరూ ఒకేసారి వస్తారు, ఆవిడ ‘తర్వాత చెబుతాలే నాన్నా’ అని పెట్టేస్తుంది. ఏడున్నరకు కాఫీ తాగి కూర్చుంటుంది. అంటే మీకు తొమ్మిది. ఆ ఒక్క రాత్రి పిల్లల్ని కాస్త ఆలస్యంగా పడుకోనివ్వండి.